చుక్క బయట పడని నూనె

లెబనాన్ దేశంలో, మంచు కొండల కింద, అయిన్ జర్దా అని ఒక చిన్న ఊరు. ఎటు చూసినా ఆలివ్ చెట్లే. మనకు నువ్వుల నూనె ఎలాగో వాళ్ళకు ఆలివ్ నూనె అలాగ. అది లేకపోతే చలికాలం రొట్టె గొంతు దిగదు. ఆ ఊళ్ళో వర్దా అనే ఆవిడా, ఆవిడ ముగ్గురు కొడుకులూ ఉండేవాళ్ళు: నఖ్లే, దీబ్, తన్నూస్. "దేవుడు తెలివి పంచిన రోజున వరసలో అందరికంటే ముందు నిలబడింది మేమే" అని నలుగురూ పూటకోసారి మురిసిపోయేవాళ్ళు.

ఆ ఏడు గానుగ ఆడే ఆఖరి రోజున వర్దాకి కాలు బెణికింది. వంతు తప్పిందా, ఏడాదంతా ఉత్త రొట్టే! మంచం మీద నుంచే కొడుకుల్ని పిలిచింది.

"ఒరే, వరసలో మీ చోటు వదలకండి. మేకలు దూరకుండా తలుపుకి తాళం వేసుకుపొండి. తాళంచెవి పోకుండా నూనె జాడీలో పెట్టుకోండి. వచ్చేటప్పుడు నూనె ఒక్క చుక్క బయట పడకూడదు!"

"పడదమ్మా. మేమేమన్నా పొరుగింటివాళ్ళలా తెలివిలేనివాళ్ళమా?" అన్నాడు నఖ్లే.

అంతే, తాళంచెవి జాడీలో టంగుమంది. ఆలివ్ కాయల బస్తా మోసుకెళ్ళి, గానుగ ముందు ఒక రాతిపలక మీద ముగ్గురూ ఇరుక్కుని నిలబడ్డారు. వరస కదిలింది. వీళ్ళు కదల్లేదు. వెనకవాళ్ళు ముందుకెళ్ళారు, నూనె పట్టుకుని ఇళ్ళకీ వెళ్ళారు. పొద్దు వాలింది.

"రండ్రా బాబూ, ఇంకెవరూ లేరు!" అని అరిచాడు గానుగ ఆడించే అబూ సలీం.

"చోటు వదలొద్దంది అమ్మ."

"తెలివి పంచిన రోజు కూడా మీరు ఇలాగే నిలబడి ఉంటార్రా! పోనీ, ఆ చోటుని కూడా మోసుకురండి!"

ఇంకేముంది! తన్నూస్ పలక మీదే నిలబడ్డాడు. అన్నలిద్దరూ పలకని పెకలించి, తమ్ముడితో సహా గానుగ దాకా ఈడ్చారు. అబూ సలీం తల బాదుకుని కాయలు ఆడించి, జాడీ అంచు దాకా నింపిచ్చాడు.

ముగ్గురూ జాడీని పసిబిడ్డలా పొదువుకుని ఇల్లు చేరారు. తలుపుకి తాళం!

"అమ్మా, తాళంచెవి నూనె అడుగున ఉంది!" అన్నాడు దీబ్ కిటికీలోంచి.

"ఒంపి తియ్యండ్రా!"

"బయట చుక్క పడకూడదన్నావుగా?"

వర్దా ఆలోచించింది. ఆవిడదీ ఆ ఇంటి తెలివే కదా!

"అవున్రోయ్! అయితే కిటికీలోంచి లోపలికి ఒంపండి."

అంతే! గలగలగలా, మంచం మీదా, పరుపు మీదా, వర్దా నెత్తి మీదా ఏడాది నూనె! చివర్న టంగుమని తాళంచెవీ లోపలే పడింది.

"అమ్మా, చుక్కన్నా బయట పడిందా?" అని గర్వంగా అడిగారు కొడుకులు.

"లేదు నాయనా! తాళంచెవీ నా దగ్గర భద్రంగా ఉంది" అంది వర్దా, కళ్ళలో నూనె తుడుచుకుంటూ. "ఇంక దిగులేముంది? తాళం తీసుకుని లోపలికి రండి, రొట్టె తిందురుగాని!"