గోడ మీద చెయ్యి

కొండవాలు పల్లెలో ఒక తల్లి ఉండేది. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు, మట్టిగోడల ఇల్లు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు కదా, ఆమె గోడల నునుపు చూసి కుళ్ళుకోని ఆడది ఆ పల్లెలో లేదు.

వానలకు ముందు మందుమనిషి వచ్చి ఇంటింటి గోడలకూ దోమల మందు కొట్టాడు. ఆరాక గోడలు తెల్లటి మరకలతో మిగిలాయి.

“మూడు నెల్లు అలకొద్దమ్మా,” అన్నాడు. “దోమ మనల్ని కుట్టి గోడ మీదే వాల్తాది. మందుంటే అక్కడే సస్తాది.”

తల్లి తలూపింది. కానీ వారం తిరక్కుండా విత్తనాల పండగ వచ్చింది. చుట్టాలొచ్చే వేళ మరకల గోడలా? ఎర్రమట్టి నానబెట్టి నాలుగు గోడలూ అలికేసింది. తడి ఆరకముందే కొడుకు తన అరచెయ్యి అచ్చేసి పరుగెత్తాడు.

“నీ సెయ్యి ఇరగ్గొడతాను!” అని అరిచింది, లోపల మురిసిపోతూనే. ఆ మాట తలుచుకుని తర్వాత ఎంత ఏడ్చిందో ఆమెకే తెలియాలి.

వానలొచ్చాయి. దోమలు కుట్టి, ఎర్రమట్టి మీద హాయిగా కునుకు తీశాయి. కొడుక్కి చలిజ్వరం పట్టుకుంది. వాగు పొంగి ఆసుపత్రి దారి మూసేసింది. నీళ్ళు తగ్గేసరికి పిల్లాడు లేడు.

మరుసటి ఏడు మందుమనిషి మళ్ళీ వచ్చాడు. గోడల ఎర్రదనం చూశాడు, ఇంట్లో ఒక్క పిల్లే ఉండడం చూశాడు.

“నానే అలికీసినాను బాబూ. నానే సంపుకున్నాను,” అంది తల్లి. “ఈ పిల్లయినా దక్కాల. అన్ని గోడలకీ కొట్టు.”

కొట్టుకుంటూ వచ్చాడు. చేతి అచ్చు దగ్గర ఆమె అడ్డం వచ్చి, తన అరచేతితో దాన్ని కప్పేసింది.

“ఇక్కడొద్దు. ఆడికి మంటెడతాది.”

మందుమనిషి గొట్టం పక్కకు తిప్పాడు. ఆ చెయ్యంత చోటు వదిలేసి పక్కింటికి వెళ్ళాడు.

పొద్దు వాలింది. కూతురు గోడ వారన చాప మీద నిద్రపోయింది. ఒక దోమ లోపలికి వచ్చి, ఎక్కడ వాలబోయినా మందు ఘాటు తగిలి, తిరిగి తిరిగి ఆ చిన్న అరచేతిలో వాలింది.

“ఈ ఇంట్లో నాకు చోటు లేదనుకున్నాను,” అంది దోమ. “నీ కొడుకే చెయ్యి చాపాడు. కాస్త అలుపు తీర్చుకుని పిల్ల దగ్గరికొస్తాను.”

తల్లి చెయ్యెత్తింది. దోమను కొట్టాలంటే కొడుకు అరచేతి మీదే కొట్టాలి. ఎత్తిన చెయ్యి దిగలేదు. పిల్లను చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తింది.

“బాబూ, ఆగు! ఒక సెయ్యి మిగిలిపోనాది!”

ఊరి చివరి ఇంటి నుంచి మందుమనిషి వెనక్కి వచ్చాడు. కళ్ళు మూసుకోమన్నాడు. ఆమె మూసుకోలేదు.

పండగ వచ్చింది. పల్లె ఆడవాళ్ళు ఎర్రమట్టి తట్టలతో ఆమెను గోడలు అలకడానికి పిలవ వచ్చారు. వేళ్ళ గుంటల్లో మందు నిలిచి, మరకల గోడ మీద ఒక చిన్న చెయ్యి తెల్లగా ఎత్తి పట్టినట్టుంది.

ముందున్నావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కరే తట్టలు కింద దించారు.