మేళం లేని పెళ్లి

పరదేశిస్వామిని ప్రశ్న అడగడమంటే చెప్పులు తొడుక్కోవడమే. ఆయన జవాబు చెప్పడు. మూలనున్న గొడుగు అందుకుని "పద నాయనా" అంటాడు. ఎండైనా అంతే, వానైనా అంతే. ఆయన వెనక తిరిగి అరికాళ్లు అరగదీసుకున్నవాళ్లం కనుక, కొత్తవాళ్లెవరైనా నోరు తెరిస్తే మాకు లోలోపల నవ్వొచ్చేది. కోదండపాణి అడిగిన రోజున మాత్రం ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

కోదండపాణి బియ్యం మిల్లులతో బాగా గడించినవాడు. మంచివాడే, ఆ మాట దాచకూడదు. డబ్బున్నవాళ్లను రాకెట్లో పైకి తీసుకెళ్లి, కాసేపు గాలిలో తేల్చి దించే కంపెనీ ఒకటి మా సముద్రపు ఒడ్డున వెలిసింది. వచ్చే నెల వెళ్లే రాకెట్లో అతనికి చోటు దొరికింది. చిన్ననాటి కోరికట. ఆశీర్వాదం కోసం వచ్చి స్వామి ఎదుట కూర్చున్నాడు.

"స్వామీ, అంత ఎత్తునుంచి చూస్తే భూమి మీద ప్రేమ పుడుతుందంటారు. వెళ్లొచ్చినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారట. నా కోరిక తప్పంటారా?"

స్వామి గొడుగు అందుకున్నాడు. అతని కారులోనే కొంగలమిట్టకు బయల్దేరాం. రాకెట్లు లేచే చోటికి అది దగ్గర ఊరు. అక్కడ పోలమ్మవ్వ ఇంట్లో మనవరాలు సుగుణ పెళ్లి జరుగుతోంది. పందిరి నిండా జనం ఉన్నారు గానీ మేళం లేదు. గట్టిగా మాట్లాడేవాడే లేడు. "ఇదేం పెళ్లయ్యా, చప్పుడే లేదు?" అని కోదండపాణి పక్కన కూర్చున్న పెద్దమనిషిని అడిగాడు.

ఆయన చెప్పిన సంగతి ఇది. ఏటా ఆశ్వయుజంలో సంచిముక్కు గూడబాతులు వచ్చి ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి. పిల్లలకు రెక్కలొచ్చాక, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోయేవి. పురిటికొచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు ఊరు వాటిని చూసుకునేది. అవి బెదురుతాయని దీపావళికి టపాకాయ కాల్చరు, మాఘమాసంలో పెళ్లికి మేళం పెట్టరు. తాళి కట్టేటప్పుడు ఆడవాళ్లే సన్నగా ఒక పాట పాడుకుంటారు. అది తాతల నాటి కట్టుబాటు. మొదటి రాకెట్ లేచిన నాడు చెట్లన్నీ ఒక్క విసురున ఖాళీ అయ్యాయట. తల్లులు ఎగిరిన అదురుకు గుడ్లూ, రెక్కలు రాని పిల్లలూ వీధిలో రాలాయట. ఆడవాళ్లు వాటిని కొంగుల్లోకి ఏరుతూ గొల్లుమన్నారట. మరుసటేడు కొన్నే వచ్చాయి. ఆ తర్వాత అవీ రాలేదు. రాకెట్ల మసి పైన గాలిలో ఏళ్ల తరబడి ఉండిపోతుందని చదువుకున్నవాళ్లు అంటారు. అది మా కంటికి కనబడలేదు. చెట్ల మీద పాత గూళ్లు మాత్రం కనబడుతూనే ఉన్నాయి.

కోదండపాణి మనసు కరిగింది. కరిగినవాడు ఊరికే కూర్చుంటాడా! నా చెవి దగ్గరకొచ్చి, "పక్షులే లేనప్పుడు ఇంకా ఈ మూగపెళ్లి ఏమిటండీ? మేళానికి స్తోమత లేదని చెప్పుకోలేక అలా అంటున్నారు, పాపం" అన్నాడు. అప్పటికప్పుడు ఫోన్ చేసి టౌనునుంచి సన్నాయి మేళాన్ని రప్పించాడు. పెళ్లికూతురికి తన కానుక అన్నాడు. స్వామి అంతా చూస్తూనే ఉన్నాడు, వద్దనలేదు. ఆయన మౌనానికి నాకు ఒళ్లు మండింది.

డోలు మీద ఒక్క దెబ్బ పడింది. అంతే, పందిట్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా తలలెత్తి చెట్లకేసి చూశారు. పీటల మీదున్న పెళ్లికూతురు కూడా చూసింది. చెట్ల మీద ఏమీ కదల్లేదు. పోలమ్మవ్వ పరుగున వచ్చి రెండు చేతులతో డోలును అదిమిపట్టింది.

"వద్దు అబ్బయా, నీకు దండం పెడతా."

"పక్షులు లేవుగా అవ్వా! ఎవరికోసమీ కట్టుబాటు?" అన్నాడు కోదండపాణి.

"లేవు కాబట్టే. ఉన్నప్పుడైతే పొరపాటున ఏదన్నా చప్పుడైనా మనోళ్లేలే అని సర్దుకునేవి. ఇప్పుడు ఏ ఒక్కటో మనసు మార్చుకుని, ఊరెట్టుందో చూసిపోదామని వచ్చిందనుకో. వచ్చీరాగానే ఈ డోలు వినబడితే, మేం కూడా తరిమినట్టేగా?"

అవ్వ కోదండపాణి సిల్కు చొక్కా వైపు, ఉంగరాల వైపు చూసింది. "పెద్దోడిలా ఉన్నావు. ఆ కంపెనీవాళ్లు నీకు తెలిసే ఉంటారు. అవి గుడ్లు పెట్టే నెలల్లోనన్నా కాస్త ఆగమని నా మాటగా చెబుతావా అబ్బయా?" అని అడిగింది.

కోదండపాణి మేళగాళ్లకేసి తిరిగి, చాలన్నట్టు చెయ్యూపాడు. మేళగాళ్లు వాయిద్యాలకు గుడ్డలు చుట్టుకున్నారు. ఆడవాళ్లు సన్నగా పాట ఎత్తుకున్నారు. తాళి కట్టారు. అంత దిగులు పాటతో తాళి కట్టగా నేనెక్కడా చూడలేదు, నాకు ఏడుపు ఆగలేదు.

కారులో తిరుగుదారి పట్టాం. సగం దారిలో కోదండపాణే అడిగాడు. "స్వామీ, అంత ఎత్తుకు నన్ను వెళ్లమంటారా, మానుకోమంటారా?"

స్వామి కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "ఆ పోలమ్మ పుట్టి బుద్ధెరిగి మిద్దె మెట్లు కూడా ఎక్కలేదు నాయనా."