కారని పర్ణశాల

అనగనగా ఒక ఊళ్ళో, మధ్యాహ్నం మూడు దాటింది, సన్నగా తుంపర పడుతోంది.

ఆ ఊళ్ళో ఓ పది యూదుల ఇళ్ళు ఉండేవి. ఆ పొద్దు వాళ్ళకి పర్ణశాలల పండుగ. వెనకటికి వాళ్ళ పెద్దలు నలభై ఏళ్ళు ఎడారిలో పాకల్లో తలదాచుకున్నారట. అందుకని ఏటా పెరట్లో ఆకుల పందిరి వేసుకుని, ఏడు రోజులు అందులోనే భోంచేస్తారు. కప్పులోంచి చుక్కలు కనపడాలి బంగారూ. కనపడకపోతే అది పర్ణశాలే కాదు. పొద్దు గుంకేలోగా పనంతా అయిపోవాలి. ఇంట్లో అమ్మ పండగ దీపాలు వెలిగించిందంటే ఇక ఎవరూ పని ముట్టుకోరు.

కెతూరకి ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాన్న యోవేలు తాటాకిళ్ళు కప్పేవాడు. ఆయన కప్పిన ఇల్లు తుఫానుకైనా కారదు. పందిరి పల్చగా కప్పమని అమ్మ హద్దస్సా మూడుసార్లు చెప్పింది. ఆయన తల ఊపాడు. చేతులు మాత్రం వాటికి వచ్చిన పనే చేశాయి. కప్పడం అయ్యాక, పండక్కి నాయనమ్మను తీసుకురావడానికి కాలవ దాటి వెళ్ళాడు.

అప్పుడు కెతూర పందిట్లోకి వెళ్ళి తలెత్తి చూసింది. కుండలో ఉన్నట్టు చీకటి. నువ్వుగింజంత ఆకాశం కూడా కనపడలేదు.

చీపురుకర్రతో పొడిచింది. కదల్లేదు. పీట ఎక్కి ఆకు లాగింది. తాటినార ముడి ఊడలేదు. ఆ తర్వాత పక్కింటి బాబాయిని పిలిచింది. మీ నాన్న కట్టిన కట్టు నేను విప్పితే మళ్ళీ నా గడప తొక్కడమ్మా అని ఆయన జారుకున్నాడు.

మబ్బు చాటున పొద్దు వాలిపోతోంది. పండగ చేజారిపోతుందని కెతూరకి ఏడుపొచ్చింది. అమ్మ చూడకుండా కాలవ గట్టుకి ఒకటే పరుగు.

కాలవ నిండా నీళ్ళు. అవతలి రేవులో పడవ, పడవలో నాన్న, నాయనమ్మ.

"నాన్నా, మన పందిరి కారట్లేదు!"

యోవేలు మురిసిపోయాడు. "నేను కప్పింది ఎందుకు కారుతుందే పిచ్చిమొద్దూ?"

"కారాలి నాన్నా!"

నాయనమ్మకి అర్థమైంది. పడవవాణ్ణి తొందరపెట్టింది. నడి కాలవలో పడవ గిర్రున తిరిగింది. మళ్ళీ తిరిగింది. మూడోసారి తిరగబోతుంటే నాన్న గెడ అందుకుని బలంగా పొడిచాడు. పడవ గట్టుకి తగిలింది.

అప్పుడు ముగ్గురూ పరుగు. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నాయనమ్మే అందరికంటే ముందు. అమ్మ అగ్గిపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం పాలిపోయి ఉంది. అప్పటిదాకా కెతూర కోసం ఇల్లూ పెరడూ వెతికింది.

యోవేలు నిచ్చెన ఎక్కాడు. ముడి మీద చెయ్యి ఆగిపోయింది. కట్టడమే గానీ విప్పడం ఎరగని చెయ్యి అది.

"వానని ఆపింది చాల్లేరా అబ్బాయీ," అంది నాయనమ్మ. "చుక్కలకి కాస్త దారియ్యి."

ఒక ఆకు లాగాడు. రెండోది లాగాడు. మూడోది ఊడి నాయనమ్మ నెత్తిన పడింది. అందరూ పకపకా నవ్వారు.

ఆ తర్వాత అమ్మ దీపాలు వెలిగించింది. చీకటి పడేసరికి తుంపర ఆగి మబ్బు విడింది. కెతూర చూస్తుండగానే ఆ సందులోంచి ఒక చుక్క తొంగిచూసింది.

అన్నాలు వడ్డిస్తూ అమ్మ ఒక్కొక్కరి తల ముట్టుకుంది. నాయనమ్మ ఒకటి. నాన్న రెండు. కెతూర తల మీద ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. మూడు.

కథేమో కంచికి, కప్పేమో మింటికి,
కాలవ గట్టు నుంచి ముగ్గురూ ఇంటికి.