చివరి పాఠం

గోదావరి మధ్యలో రెల్లు దట్టంగా పెరిగిన లంక ఒకటి ఉంది. ఏటా శ్రావణంలో ఎర్రనీరు వచ్చి సగం లంకను ముంచేసి వెళ్తుంది. రెక్కలున్నవాళ్ళకు బాధ లేదు. కాళ్ళే దిక్కయినవాళ్ళకు అవతలి గట్టు చేరితేనే బతుకు. అందుకని ఆ లంకలో కూర్మయ్య అనే తాబేలు ఒక ఈతబడి నడిపేవాడు. పొద్దున పిల్లలకు, సాయంత్రం మేత ముగించుకుని వచ్చే పెద్దలకు.

నడకలో ఎంత నిదానమో లెక్కల్లో అంత చురుకు కూర్మయ్య మాస్టారు. బడిలో ఇరవైనలుగురు ఉండేవారు. నీళ్ళలోంచి వణుకుతూ బయటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఓ దోసెడు ఉడికించిన జొన్నలు పెట్టేవాడు. ఆ జొన్నలు లేకపోతే సగం మంది రారు. గట్టు మీది అడవిని ఏలే ఏనుగు మహారాజు, బడిలో కూర్చున్న తలకు అర బస్తా చొప్పున ఏడాదికి పన్నెండు బస్తాలు పంపించేవాడు. సరిగ్గా సరిపోయేవి.

సాయంత్రం తరగతిలో అందరికంటే వెనకబడింది మరిడమ్మ అనే నల్లమేక. మొదటి నెలంతా గిట్టలు తడవగానే గట్టెక్కేసేది. ఆ తర్వాత మోకాళ్ళ దాకా వచ్చింది. పొట్ట దాకా రావడానికి చలికాలం గడిచిపోయింది. అయినా ఒక్క సాయంత్రం మానలేదు. కూతురు బంగారిని కూడా వెంటబెట్టుకుని వచ్చేది.

"ఇంకా భయమేనా మరిడమ్మా?" అని మాస్టారు అడిగితే,

"భయమేనండి. లేదని అబద్ధం ఎందుకు చెప్పడం? కాకపోతే నిన్నటి భయం కాదండి, ఇది వేరే భయం," అనేది.

వేసవి వచ్చేసరికి చెవులు తడవకుండా తేలడం వచ్చింది. కాళ్ళు ఆడించడం వచ్చింది. ఓ సాయంత్రం జొన్నలు నములుతూ అడిగింది.

"మాస్టారండీ, మా ఆయనకి ఈత వచ్చు కదా. చెరువులో దూకి ఆడేవాడు. నిరుడు వరదలో ఎందుకు మునిగిపోయాడండీ?"

కూర్మయ్యకు తెలుసు. ఆ మేకపోతు అవతలి గట్టు మీద కళ్ళు పెట్టుకుని నిటారుగా ఈదాడు. ప్రవాహంతో పోట్లాడి పోట్లాడి నడి గోదాట్లో అలిసిపోయాడు. నీళ్ళు పోయే వైపే ఏటవాలుగా సాగి ఎంత కిందికైనా సరే గట్టు పట్టుకోవాలి. ఆయన పాఠాల్లో చివరిది అదే.

"అది చివరి పాఠంలో వస్తుంది. ఇప్పుడే చెబితే మళ్ళీ గట్టెక్కి కూర్చుంటావు," అన్నాడు.

"అలాగేనండి. చివర్నే చెప్పండి," అంది మరిడమ్మ.

అలా ఉండగా ఒక రోజు మహారాజు దగ్గర్నుంచి కొంగ ఇనస్పెక్టరు వచ్చింది. బడులకిచ్చే జొన్నలకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయంది. ఎగువన ఎక్కడో కోతులబడిలో, ఒక కొమ్మ మీద లెక్కపెట్టిన కోతే రెండో కొమ్మకు దూకి మళ్ళీ లెక్కకు వచ్చేదట. పదకొండు కోతులకు నలభై తలల జొన్నలు పోయాయట. దాంతో మహారాజు పాత పద్ధతి తీసేశాడు.

అడవిలో ఆనవాయితీ ప్రకారం మార్గదర్శకాలను ఒక్కసారే చదువుతారు. వినడానికి మాస్టారూ, కరణమూ మాత్రమే ఇసుక తిన్నె మీదికి వచ్చారు. కూర్మయ్య పక్కన లంక కరణం కూర్చున్నాడు. లంకలో పొదల హద్దులూ వాటాలూ చూసే నక్క అతను.

కొంగ గొంతు సవరించుకుంది. "ఒకటి. ఇకపై కూర్చున్న తలకు కాదు, పరీక్ష నాడు పాయ దాటిన తలకు. తలకు ఒక బస్తా. రెండు. బడిలో పేరున్నవాళ్ళలో సగం కంటే తక్కువ మంది దాటితే ఆ బడి మూత."

కూర్మయ్య కళ్ళు మూసుకున్నాడు. ఇరవైనాలుగులో దాటగలిగేవాళ్ళు ఐదుగురు. ఇంకో ఐదుగురు వచ్చినరోజు వస్తారు, రాని రోజు రారు. మిగతా పద్నాలుగు మంది మానకుండా వచ్చినా నీళ్ళంటే వణికేవాళ్ళు. ఐదు బస్తాలు. కాదు, అవి కూడా రావు. సగం అంటే పన్నెండు. ఐదెక్కడ, పన్నెండెక్కడ? బడి మూత. ఆయన లెక్కను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కొంగ మూడోది చదివింది, నాలుగోది చదివింది. ఆయన చెవికి ఒక్క ముక్క ఎక్కలేదు. కళ్ళు తెరిచేసరికి కొంగ ఎగిరిపోతోంది.

"చివర్లో ఏం చెప్పింది కరణంగారూ?" అని అడిగాడు.

నక్క మీసం దువ్వుకుంది. "ఏముంటుంది మాస్టారూ, ఎప్పుడూ ఉండేదే. రేవు శుభ్రంగా ఉంచాలి, పిల్లల్ని కొట్టకూడదు. మొదటి రెండే అసలువి. మొహం అలా వేలాడేశారేం?"

"బడి పోయిందండి."

"మీ నోట ఆ మాట రాకూడదు. చుట్టూ చూడండి. పాయలో ఏడు బాతులున్నాయి. గుడ్డులోంచి వస్తూనే ఈదుకుంటూ వచ్చినవాళ్ళు. వాళ్ళ పేర్లు రాయండి."

"వాళ్ళకి నేనేం నేర్పుతాను?"

"నేర్పమని ఎవరన్నారు? దాటించమన్నారు. ఆ వణికే పద్నాలుగు పేర్లు కొట్టెయ్యండి. పది మిగిలారు. ఏడు బాతుల్ని కలపండి. పదిహేడు. అందులో దాటేవాళ్ళు ఐదూ ఏడూ పన్నెండు. పన్నెండు తలలు, పన్నెండు బస్తాలు. లెక్క మీకు నేను చెప్పాలా?"

లెక్క సరిపోయింది. కూర్మయ్యను పడగొట్టింది అదే. జీవితంలో ఎప్పుడూ సరిపోయిన లెక్కను ఆయన కాదనలేదు.

బాతులు మహారాజు పడవల రేవులో కాపలా కొలువు కోసం చూస్తున్నాయనీ, దానికి ఈతబడి పట్టా తప్పనిసరి అనీ, పట్టా ఇప్పిస్తే రోజుకో చేప చొప్పున ఇస్తామని నక్కతో అప్పటికే మాట్లాడుకున్నాయనీ ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రం పద్నాలుగు మందినీ ఒక పక్కకు పిలిచాడు. కుందేళ్ళు తలలూపి వెళ్ళిపోయాయి. ఓ ముసలి పందికొక్కు, "మాకు జొన్నలు దండగ అని ఇప్పుడు తెలిసిందా?" అని గొణిగింది. మరిడమ్మ కదల్లేదు.

"నాకింకా ఒక్క పాఠమే కదండీ మిగిలింది," అంది.

"ఈ ఒక్క ఏడాదికే మరిడమ్మా. వరద తగ్గగానే బస్తాలొస్తాయి. వాటితో మళ్ళీ అందరినీ పిలుస్తాను. నిన్నే ముందు పిలుస్తాను."

"మా పేర్లుంటే బడికి నష్టమాండీ?"

కూర్మయ్య తల లోపలికి లాక్కున్నాడు. డొప్పలోంచే, "నష్టమే," అన్నాడు.

"అయితే మానేస్తాం. మావల్ల బడి పోకూడదు," అని కూతురి చెవి నాకి వెళ్ళిపోయింది.

వెళ్ళిందిగాని రోజూ రేవు పక్కనున్న రెల్లు దగ్గరికొచ్చి నిలబడేది. చివరి పాఠం చెప్పే రోజున వినిపిస్తుందేమోనని. ఆ పాఠం ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. బాతులకు అది పుట్టుకతోనే తెలుసు, దాటే ఐదుగురూ ఎప్పుడో నేర్చుకున్నారు. బాతులు నీళ్ళ మీద పడుకుని కబుర్లాడుకునేవి.

"ఏం మేకమ్మా, గడ్డి అటుంది. ఇక్కడున్నవి నీళ్ళు," అంది పెద్దబాతు.

"తెలుసమ్మా. చూస్తున్నాను, అంతే."

"చూస్తే ఈత వస్తుందా?"

"రాదు. చూడకపోయినా రాలేదుగా," అంది మరిడమ్మ. పెద్దబాతు నీళ్ళలో తల ముంచుకుంది.

కూర్మయ్య ఇదంతా విన్నాడు. వెళ్ళి ఆ ఒక్క పాఠం చెవిలో చెప్పేద్దామా అని రెండడుగులు వేశాడు కూడా. ఇనస్పెక్టరు పై నుంచి చూస్తే, పేరు తీసేసినవాళ్ళకు చెబుతున్నాడంటుందేమో? నక్క అలాగే హెచ్చరించింది మరి. బస్తాలొచ్చాక చెబుదాంలే అనుకుని వెనక్కి తిరిగాడు.

పరీక్ష రోజున పన్నెండు మంది పాయ దాటారు. బాతులైతే దాటి, తిరిగొచ్చి, మళ్ళీ దాటాయి. కొంగ మెచ్చుకుంది. "బ్రహ్మాండం మాస్టారూ. వరద తగ్గగానే బస్తాలు పంపిస్తాం," అంది.

ఆ ఏడు ఎర్రనీరు ఆషాఢంలోనే వచ్చింది.

తెల్లవారేసరికి రేవు లేదు, ఇసుక తిన్నె లేదు. రెల్లు కంకులు మాత్రం నీళ్ళ మీద తల ఊపుతున్నాయి. బాతులు ఓ అరటిబోదె మీద నక్కను ఎక్కించుకుని, తోసుకుంటూ అవతలి గట్టుకు తీసుకుపోయాయి. ఈత వచ్చినవాళ్ళు ఈదారు. కొట్టుకొస్తున్న తుమ్మ దుంగ దొరికి కుందేళ్ళు దాని మీదికెక్కాయి. మరిడమ్మ లంకలో అన్నిటికంటే ఎత్తైన దిబ్బ మీద నిలబడింది. దిబ్బ మీదికీ నీళ్ళొచ్చాయి. గిట్టల దాకా, మోకాళ్ళ దాకా, పొట్ట దాకా.

కూర్మయ్య ఈదుకుంటూ వచ్చాడు.

"మాస్టారండీ, మీ వీపు చిన్నది. మా బంగారి సరిపోద్ది," అంటూ పిల్లను ముట్టెతో నెట్టి ఆయన డొప్ప మీదికి ఎక్కించింది. "పట్టుకోవే. వదలకు."

"నువ్వూ దిగు మరిడమ్మా. నా వెనకే రా. నేను ఎటు పోతే అటు రా."

ఆమె నీళ్ళలోకి దిగింది. మాస్టారు నేర్పినట్టే చెవులు తడవకుండా తల పైకెత్తింది. నేర్పినట్టే కాళ్ళు ఆడించింది. కూర్మయ్య ఏటవాలుగా కిందికి సాగాడు. వెనక్కి తిరిగి చూస్తే మరిడమ్మ వెంట లేదు. ఎదురుగా కనిపిస్తున్న గట్టు మీద కళ్ళు పెట్టుకుని నిటారుగా ఈదుతోంది. గట్టు అక్కడుంటే మాస్టారు ఇంకెటో పోవడం ఆమెకు అర్థం కాలేదు.

"ఇటు," అని అరిచాడు. "నీళ్ళతో పోట్లాడకు. ఏటవాలుగా రా, కిందికి."

గాలి ఆ మాటను అటు చేరనివ్వలేదు. చాలాసేపు ఆమె తల కనబడింది. బాగానే ఈదింది. ఆయన శిష్యుల్లో అంత శ్రద్ధగా కాళ్ళాడించినవాళ్ళు ఇంకొకళ్ళు లేరు. నడి గోదాట్లో ఆగింది. ఆయన వైపు తిరిగి ఏదో అడిగింది. ఆ మాట మాత్రం నీళ్ళ మీదుగా వచ్చి చేరింది.

"మాస్టారండీ, ఆ చివరి పాఠం ఏంటండీ?"

ఆయన మళ్ళీ అరిచాడు. అప్పటికి అక్కడ నీళ్ళే ఉన్నాయి.

వరద తగ్గాక లెక్క చూస్తే పేరు తీసేసిన పద్నాలుగు మందిలో ఆరుగురు రాలేదు. బురద ఇంకా ఆరకముందే కొంగ ఇనస్పెక్టరు దిగింది. వెనకే పడవలో పన్నెండు బస్తాలు. కాపలాగా బాతులు, మెడలో పట్టాలతో.

"ఈ తీరం మొత్తంలో మీ బడే నయం మాస్టారూ," అంది కొంగ. "వరదలో మీ విద్యార్థి ఒక్కరూ పోలేదు."

"మరిడమ్మ పోయిందండి."

కొంగ మెడ వంచి ఆలోచించింది. "ఆ పేరు మీ బడిలో లేదే."

"ఉండేది. నేనే తీసేశాను. భయస్తులు దాటలేరు కదా. వాళ్ళ పేర్లుంటే బడి మూత అన్నారు కదా మీరు."

"నేనెప్పుడన్నాను?" కొంగకు నిజంగానే ఆశ్చర్యమేసింది. "మూడోది చదివాను కదా. నీళ్ళంటే భయపడుతూ కూడా మానకుండా వచ్చేవాళ్ళను ఆ సగం లెక్కలో కలపొద్దని. వాళ్ళు దాటకపోయినా తలకు అర బస్తా అని. నాలుగోది, ఎన్నేళ్ళు పట్టినా వాళ్ళకు గడువు లేదని. మహారాజు పట్టుబట్టి పెట్టించిన మాటలవి. మీ కరణం తల ఊపుతూ విన్నాడే."

కూర్మయ్య కరణం కోసం చూశాడు. బాతుల పడవ ముందు భాగంలో నక్క పళ్ళలో ఇరుక్కున్న చేప ముల్లు తీసుకుంటూ అటు తిరిగి కూర్చుంది.

చెయ్యకూడదనుకుంటూనే ఆయన లెక్క చేశాడు. పద్నాలుగు మందికి అర బస్తా చొప్పున ఏడు. దాటేవాళ్ళు ఐదుగురికి ఐదు. ఏడూ ఐదూ పన్నెండు. మిగతా పదిలో ఐదుగురు దాటితే సరిగ్గా సగం. బడి మూతపడేది కాదు. ఒక్క పేరు కొట్టెయ్యకపోయినా ఇవే పన్నెండు బస్తాలు వచ్చేవి.

బస్తాలు దింపి కొంగ వెళ్ళిపోయింది. బాతులు కొలువుకు వెళ్ళిపోయాయి. కూర్మయ్య ఆ బస్తాల పక్కనే డొప్పలోకి ముడుచుకున్నాడు. ఎవరో ముట్టెతో డొప్పను తట్టారు.

"మాస్టారండీ," అంది బంగారి. "నా పేరు మళ్ళీ రాస్తారా? నాకూ భయమేనండి. ఇవాళ ఏ పాఠం?"

కూర్మయ్య తల బయటపెట్టాడు. పిల్ల గిట్టలు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి, వణుకుతున్నాయి.

"చివరిది," అన్నాడు. "ఇక మీదట అందరికీ అదే ముందు."

బడి ఎవరికి అక్కరో వాళ్ళ పేర్లే కొట్టేస్తే లెక్క సరిపోతుంది గాని, బడి ఎందుకు పెట్టారో ఆ పనే మునిగిపోతుంది.