సూది చెప్పిన మాట

ఆయిల్ మీటరులో సూది సున్నా వైపు వాలిపోవడం చూశాడు ఓబులేసు. గబుక్కున తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

ఆ ఇంజన్‌ను విప్పి, బేరింగులు మార్చి, మళ్ళీ బిగించింది అతనే. ప్రొద్దుటూరులో దస్తగిరి ఉస్తాద్ దగ్గర ఏళ్ళ తరబడి పని నేర్చుకున్నాడు. మైదుకూరులో సొంత షెడ్డు పెట్టుకున్నాక, పక్కన ఉస్తాద్ లేకుండా చేసిన మొదటి ఇంజన్ అది. నెల తిరక్కుండానే బండి వెనక్కి వచ్చింది. చల్లగా ఉన్నంతసేపూ సూది బాగానే నిలబడుతోంది. నాలుగు మైళ్ళు తిరిగి వేడెక్కితే చాలు, ఎవరో లాగినట్టు కిందికి పడిపోతోంది.

బండి రాహేలమ్మది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. లంకమల కొండల కింది పల్లెల్లో ఏ ఆడమనిషికి నొప్పులు వచ్చినా ఆ పాత తెల్ల కారే పోవాలి. ఆసుపత్రి చేరేలోపు ఆ వెనక సీట్లోనే పుట్టేసిన పిల్లలు కూడా ఉన్నారు.

"అక్కడొక పిల్లకు నెలలు నిండినాయి నాయనా. తొలి కాన్పు. బండి ఎప్పుడిస్తావు?" అని అడిగిందామె.

ఓబులేసు తల ఎత్తలేదు. బేరింగుల దగ్గర సందు ఎక్కువైతే ఆయిల్ నిలవదు. ఆయిల్ నిలవకపోతే ప్రెషర్ పడిపోతుంది. ఆ సందు కొలిచింది తన చేతులే. ఇంక వేరే ఆలోచన అతనికి తోచలేదు.

"ఇంజన్ మొత్తం విప్పాలమ్మా. వారం పైనే పడతాది."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. పోయి కారు పక్కన నిలబడి, కొండల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఓబులేసు చేతులు తుడుచుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

ఉస్తాద్ షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఓబులేసు నిలబడే అంతా చెప్పేశాడు.

"నాకు ఈ పని రాలేదు ఉస్తాద్. మీ పేరు చెడగొట్టినా. షెడ్డు మూసేస్తా."

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు. "బండిలో ఆయిల్ ఉందా?"

"నిండుగా ఉంది. ఏ రకం పోయాల్నో అదే పోసినా."

"ఇంజన్ ఏమంటాంది?"

"సూది సున్నాకు వస్తాంది ఉస్తాద్."

"సూది ఏమంటాందో చెప్పినావులే. ఇంజన్ ఏమంటాంది?"

ఓబులేసు ఇంజన్ చప్పుడు వినలేదు. సూది పడగానే భయపడి ఆపేశాడు.

"ఆపినావు కదా, మంచి పని చేసినావు" అన్నాడు ఉస్తాద్. లోపలికి పోయి ఒక గుడ్డసంచి తెచ్చి చంకన పెట్టుకున్నాడు. "పద బేటా. మీ ఊరి బస్సు పోతాది."

మైదుకూరు చేరాక ఉస్తాద్ రాహేలమ్మకు నమస్కారం పెట్టి, తిన్నగా బానెట్ ఎత్తాడు. ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి, కొసన ఉన్న ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. ఎండలోకి వచ్చి వేళ్ళు చూసుకున్నాడు. బేరింగులు అరిగితే కనిపించే లోహపు రజను మెరుపేమీ లేదు. కడ్డీ తుడిచి లోపల పెట్టాడు.

"స్టార్ట్ చెయ్. కింద బేరింగుల తట్టుడు వినబడితే ఆ క్షణమే ఆపేద్దాం."

ఇంజన్ వేడెక్కింది. సూది దిగడం మొదలుపెట్టింది. ఓబులేసు చెయ్యి తాళం మీదికి పోయింది.

ఉస్తాద్ భుజం మీది తువ్వాలు తీసి మీటర్ల మీద కప్పేశాడు.

"ఇప్పుడు చెప్పు."

ఓబులేసు కిందికి దిగాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ముందు తన గుండె చప్పుడే వినిపించింది. కాసేపటికి అది తగ్గింది. పైన వాల్వులను కదిపే టాపెట్లు పాత బండిలో ఎలా ఉంటాయో అలాగే టకటకలాడుతున్నాయి. మొనను ఒక్కో చోటికీ జరుపుతూ కిందిదాకా వచ్చాడు. ఎక్కడా తట్టుడు లేదు. అంతా మెత్తగా, ఒకే తీరుగా తిరుగుతోంది.

"ఏమంటాంది?"

"ఏమీ అనడం లేదు ఉస్తాద్. బాగానే ఉంది. కానీ... లోపల అరుగుతా ఉండొచ్చు. శబ్దం ఇంకా బయటికి రాలేదేమో."

ఉస్తాద్ నవ్వాడు. "నీ మీద కేసు నువ్వే భలే వాదిస్తాండావే."

ఇంజన్ ఆపించాడు. సంచిలోంచి పొడుగాటి గొట్టం ఉన్న గుండ్రటి గేజి తీసి ఓబులేసుకిచ్చాడు. ఇంజన్‌లోని ఒత్తిడిని పసిగట్టి తీగ గుండా మీటరుకు చేరవేసే చిన్న సెన్సార్ ఒకటి పక్కన బిగించి ఉంటుంది. ఓబులేసు గుడ్డతో పట్టుకుని, వేడివేడిగానే దాన్ని విప్పాడు. ఆ రంధ్రంలో గేజి గొట్టం బిగించాడు. ఇప్పుడు తీగా లేదు, మధ్యలో ఎవరూ లేరు. లోపలి ఆయిలే నేరుగా వచ్చి సూదిని తోస్తుంది.

గేజి చూడబోతుంటే ఉస్తాద్ దాన్ని అతని చేతిలోంచి తీసేసుకున్నాడు.

"అమ్మా, ఇది మీరు పట్టుకోండి. సూది యాడుందో మీరే చెప్పండి."

రాహేలమ్మ కళ్ళజోడు సర్దుకుని గేజి అందుకుంది. "బీపీ మిషన్ మాదిరే ఉందే!"

"అదేనమ్మా. దాని బీపీనే."

ఓబులేసు స్టార్ట్ చేశాడు. స్టీరింగ్ పట్టుకుని అద్దంలోంచి ఎటో చూస్తున్నాడు.

"ముప్పై దగ్గరుంది" అంది రాహేలమ్మ.

ఇంజన్ బాగా కాగేదాకా అలాగే నడవనిచ్చారు. బానెట్ మీద గాలి అలలు అలలుగా కదులుతోంది.

"ఇప్పుడో?" అడిగాడు ఉస్తాద్.

"ముప్పైకి ఒక్క గీత కింద. కదలకుండా ఉంది."

"యాక్సిలేటర్ తొక్కు బేటా."

"యాభై దాటింది!" అందామె. ఆ వెంటనే కంగారుపడింది. "ఎక్కువైందా? ఎక్కువైతే కూడా చెడ్డదేనా?"

ఓబులేసు ఇంజన్ ఆపి కిందికి దిగాడు. రెండడుగులు వేసి, నేలమీద ఆయిల్ మరకల్లోనే కూలబడ్డాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి.

"అయ్యో, ఏమైంది నాయనా? అంత చెడిపోయిందా?"

"లేదమ్మా" అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు. "బాగుంది. బండి బాగుంది."

వేడెక్కితే తప్పు చెప్పింది ఆ పాత సెన్సారే. బజారులో కొత్తది దొరికింది. అది బిగించాక బండి మీటరు కూడా గేజి చెప్పినంతే చెప్పింది. ఊరి చివరిదాకా పోయి వచ్చి, ఇంజన్ బాగా వేడి మీదున్నప్పుడు చూశారు. సూది ఉన్నచోటే ఉంది.

రాహేలమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. "నొప్పులు వచ్చేదాకా ఎందుకు? ఇప్పుడే పోయి ఆ పిల్లను తెచ్చి ఆసుపత్రిలో చేరుస్తా." కారు దుమ్ము రేపుకుంటూ కొండల దారి పట్టింది. అది కనిపించినంతసేపూ ఓబులేసు చూస్తూనే ఉన్నాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇద్దరూ బస్టాండు పక్క హోటల్లో కడుపునిండా తిన్నారు. బస్సు వచ్చింది. ఉస్తాద్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఓబులేసు కింద నిలబడి కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"ఉస్తాద్, వేరేవాడు చేసిన ఇంజన్ అయ్యుంటే నేను మొదట ఆ సెన్సార్‌నే చూసేవాణ్ణి. మీరు నేర్పించిందే కదా. ఇది నా చేతి పని కాబట్టి..."

మాట పూర్తి కాలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఉస్తాద్ కిటికీలోంచి చెయ్యి చాచి అతని తల మీద పెట్టాడు.

"తప్పులన్నీ నువ్వే చేయాల్నా? కొన్ని బండి సామానుకు కూడా వదిలిపెట్టు బేటా."