అమ్మ ప్లేటుకి కొత్త ముల్లు

తునిలో రైలుగేటు అవతల మైకుసెట్టు వాళ్ళిల్లంటే ఎవరైనా చూపిస్తారు. ఆ ఇంట్లో ముగ్గురు. పెద్దవాడు లోవరాజు, తర్వాత నూకరత్నం, ఆఖరివాడు పైడిబాబు. ముగ్గురూ నలభై దాటినవాళ్ళే. పెళ్ళిళ్ళకీ జాతరలకీ మైకులు కడతారు. తెలివి విషయంలో మాత్రం ముగ్గురికీ ఏ లోటూ లేదని వాళ్ళ నమ్మకం.

"మన ముగ్గురి తెలివీ ఒకచోట పోస్తే ఊరు పట్టదు" అనేవాడు లోవరాజు.

"అందుకే విడివిడిగా ఉంచాడు దేవుడు" అనేది నూకరత్నం.

పైడిబాబు ఏమీ అనేవాడు కాదు. ఉన్న తెలివి మాటల్లో కారిపోతుందని అతని భయం.

వాళ్ళమ్మ వీరయమ్మ మంచి గాయని. వయసులో ఉన్నప్పుడు ఎవరో మద్రాసు తీసుకెళ్ళి ఆమె చేత ఒక పాట పాడించి చిన్న గ్రామఫోను ప్లేటు వేశారు. అదొక్కటే ప్లేటు, అదొక్కటే పాట. ఆమె పోయి రెండేళ్ళయింది. ప్లేటు బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది. తిప్పే పెట్టె ఉంది గానీ, దాని ముల్లు అరిగిపోయింది. అందుకని రెండేళ్ళుగా ముగ్గురూ అమ్మ గొంతు వినలేదు.

ఆ ఏడు జాతర కమిటీ పెద్ద సూరపరాజు గారు పిలిపించాడు.

"ఈసారి కొత్తగా ఉండాలయ్యా. మీ అమ్మ పాటలోంచి ఓ ముక్క తీసి, డప్పుల మధ్య వేసి, మళ్ళీ మళ్ళీ తిప్పండి. కుర్రకారు ఇప్పుడదే వింటున్నారు. కానీ ఆ పాత ముల్లు ఆనించారంటే ప్లేటు గీసుకుపోద్ది. మంచి ముల్లు చూసి వేయండి. మీ వల్ల కాదంటే చెప్పండి, మైకు కాకినాడ వాళ్ళకిచ్చేస్తాను."

"మా వల్ల కాకపోవడమేటండీ! ముల్లేగా!" అన్నాడు లోవరాజు.

అంతే. ముగ్గురూ మూడు దారుల్లో వెళ్ళారు. లోవరాజు తుమ్మచెట్టెక్కి, చొక్కా చింపుకుని, వేలెడు పొడుగు ముల్లు తెచ్చాడు. నూకరత్నం చేపల బజారుకెళ్ళి పండుగప్ప కొని, కూర వండి, అందరికీ పెట్టి, మిగిలిన ముళ్ళలో నిటారుగా ఉన్నదాన్ని కడిగి ఆరబెట్టింది. పైడిబాబు గోడగడియారం విప్పి పెద్దముల్లు ఊడదీశాడు.

మూడూ పట్టుకుని రేడియోలు బాగుచేసే ఖాసిం గారి దుకాణానికి వెళ్ళారు.

ఖాసిం గారు మూడు ముళ్ళూ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"వీటిలో ఏది మంచిదండీ?" అనడిగాడు లోవరాజు.

"చేప ఎంతకిచ్చారు?" అన్నాడాయన. తర్వాత నిట్టూర్చి సొరుగు లాగి, గోరంతున్న పెట్టెలు రెండు బల్ల మీద పెట్టాడు. "దీన్ని కార్ట్రిడ్జ్ అంటారు. ముల్లు దీనికే ఉంటుంది. ముల్లు ప్లేటు మీది గాడిలో నడుస్తుంటే లోపల కదిలే అయస్కాంతం పాటని పట్టుకుంటుంది."

"కదిలేదా?" అంది నూకరత్నం.

"కదిలేదే."

పైడిబాబు దుకాణం తలుపు వేసి, వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఎందుకయ్యా తలుపేశావు?"

"పోద్దేమోనండీ."

ఖాసిం గారు ఆ మాట విననట్టు చెప్పుకుపోయాడు. "ఇది మొద్దు ముల్లుది. ప్లేటుని ముందుకీ వెనక్కీ లాగి ఆడించేవాళ్ళు వాడతారు. ఎంత కుదిపినా గాడి తప్పదు, కానీ గొంతులో సన్న సంగతులు వదిలేస్తుంది. రెండోది సన్న ముల్లుది. ఇది సుకుమారం. గాడి అడుగుదాకా దిగి, పాడేటప్పుడు ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా పైకి తెస్తుంది. నేను చెప్పడమెందుకు? మీ చెవికి ఏది నప్పితే అదే తీసుకోండి. ఉండండి, వినిపిస్తాను" అని తన దగ్గరున్న ప్లేటు కోసం లోపలికి వెళ్ళాడు.

ఇంకేముంది! ఆయన తిరిగొచ్చేసరికి నూకరత్నం దిద్దులు తీసేసి, ఆ రెండు పెట్టెలకీ మరచీలలు పెట్టే బెజ్జాల్లోంచి దారం దూర్చి, కుడిచెవికొకటీ ఎడమచెవికొకటీ వేలాడదీసి, ఆగిపోయిన టీవీ అద్దంలో చూసుకుంటోంది.

"మొద్దుది చెవి లాగేస్తోందన్నయ్యా. సన్నదే నప్పింది."

"మొహానికి కళొచ్చింది" అన్నాడు లోవరాజు.

ఖాసిం గారు ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన ఇద్దామనుకున్నది కూడా సన్నదే. "సరైందే ఎంచుకున్నారు" అన్నాడు.

ఆ మాటతో ముగ్గురికీ నడక మారిపోయింది.

"రేపు నేనే వచ్చి బిగిస్తాను. మీరు ముట్టుకోవద్దు. ఒకవేళ ముట్టుకున్నా, చెయ్యి తేలిగ్గా ఉండాలి. ముల్లు మీద రెండు గ్రాములకి మించి బరువు పడకూడదు. పడిందా, మీ అమ్మ గొంతు చెక్కుకుపోతుంది."

అమ్మ గొంతు అనేసరికి లోవరాజు ఇక ఆగలేదు. ఇంటికెళ్ళి వాచీ తీశాడు, ఉంగరం తీశాడు, జాతర తాడు తీశాడు. గోళ్ళు కత్తిరించాడు. మోచేతి దాకా గొరిగించుకున్నాడు. కంసాలి దగ్గరికెళ్ళి త్రాసులో చెయ్యి పెడితే తట్ట ఠంగున అద్దానికి తగిలింది.

"బంగారమైతే తూస్తానయ్యా. చెయ్యి కొనను నేను" అన్నాడు కంసాలి.

అన్నం వల్లే చెయ్యి బరువెక్కిందని తేల్చి, ఆ పూట ఎడంచేత్తో తిన్నాడు. పైడిబాబేమో కార్ట్రిడ్జ్‌ని రుమాల్లో మూటకట్టి కోళ్ళగంప కింద మూసి, పైన రుబ్బురాయి పెట్టి కాపలా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఖాసిం గారు వచ్చి కోళ్ళ మధ్యలోంచి దాన్ని తీసుకుని, తుడిచి, ముల్లుని మోసే కడ్డీకి, అంటే తిప్పే పెట్టె చేతికి, బిగించాడు. చిన్న కాటాతో బరువు చూశాడు. "చెయ్యి తేలిగ్గానే ఉంది" అన్నాడు.

"నిన్నట్నుంచీ కష్టపడ్డాను మరి" అన్నాడు లోవరాజు తన చెయ్యి చూసుకుంటూ.

ముల్లు ప్లేటు మీద వాలింది. కాసేపు చిటపటలు. తర్వాత ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరికే నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తలుపు తీయవే చిన్నదానా,
తూరుపు వాకిట నిలిచినాదే..."

ముగ్గురూ పెట్టె ముందు చతికిలబడ్డారు. రెండో చరణం దగ్గర నూకరత్నం మెల్లగా లేచి వెళ్ళి వీధి తలుపు తెరిచింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు ఖాసిం గారు.

"అమ్మ తియ్యమంది కదండీ. కానీ మన వాకిలి పడమరకుంది. పాపం, మర్చిపోయినట్టుంది."

ఖాసిం గారి కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. "ఇప్పుడు ఇందులోంచి ముక్క తియ్యాలి" అన్నాడు కళ్ళు తుడుచుకుని.

అంతే. లోవరాజు పెరట్లోకి పరుగెత్తి సుత్తి తెచ్చాడు. "ఏ వైపు ముక్కండీ?"

ఖాసిం గారు అరవై ఏళ్ళ మనిషి. అయినా ఒక్క గెంతు గెంతి, ప్లేటు గుండెకి అదుముకుని గోడవార చేరాడు. సుత్తి కింద పెట్టేదాకా కదల్లేదు. తర్వాత ముగ్గుర్నీ బయట అరుగు మీద కూర్చోబెట్టి, లోపల గడియ వేసుకుని, వెంట తెచ్చుకున్న కంప్యూటర్లోకి పాట ఎక్కించి, "తలుపు తీయవే" అన్న ఒక్క ముక్కే తీసి డప్పుల మధ్య పొదిగాడు. ప్లేటు మళ్ళీ పట్టుచీరల మధ్యకి క్షేమంగా చేరింది.

జాతర రోజు మధ్యాహ్నం ఖాసిం గారు మీట నొక్కగానే పాట మొదలైంది. డప్పు దరువేసింది. వీరయమ్మ గొంతు ఊరంతా మోగింది. "తలుపు తీయవే... తలుపు తీయవే... తలుపు తీయవే..." కుర్రాళ్ళు దుమ్ము లేపేశారు. సూరపరాజు గారు తలపాగా నడుముకి చుట్టి తనూ దిగాడు.

నూకరత్నం మాత్రం స్థిమితంగా లేదు. "అన్నయ్యా, అమ్మ ఆపకుండా అడుగుతోంది."

"తలుపు తెరిచే వచ్చాం కదే!"

"మరెందుకు అడుగుద్ది?"

ఎప్పుడో గానీ నోరు విప్పని పైడిబాబు అప్పుడు విప్పాడు. "తెరవమనలేదన్నయ్యా. తీయమంది."

అన్నా చెల్లెలూ అతని వంక గౌరవంగా చూశారు. ఇంకేముంది! ముగ్గురూ ఇంటికెళ్ళి, గునపంతో బందులు పీకి, వీధి తలుపు నెత్తిన పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చి సరిగ్గా స్పీకరు ముందు దించారు.

"ఇదిగోనమ్మా, తీశాం" అంది నూకరత్నం.

ఆ తలుపుని చూసి ఖాసిం గారి వేలు దానంతటదే మీట నొక్కేసింది. పాట ఆగింది.

"చూశావా, తియ్యగానే ఊరుకుంది" అన్నాడు లోవరాజు.

"ఆపావేమయ్యా! వెయ్యి, వెయ్యి!" అని అరిచాడు సూరపరాజు గారు. పాట మళ్ళీ మొదలైంది. "తలుపు తీయవే... తలుపు తీయవే..."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. పెరటి తలుపు మర్చిపోయారు! పరుగున వెళ్ళి అదీ తెచ్చారు. పాట ఆగలేదు. బీరువా తలుపులు తెచ్చారు. కోళ్ళగూటి తలుపు తెచ్చారు. వాళ్ళింట్లో ఇక తలుపనేది లేదు. అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

లోవరాజు గునపం భుజానేసుకుని, చిందులేస్తున్న సూరపరాజు గారి దగ్గరికెళ్ళి వినయంగా వంగాడు.

"అయ్యా, తమరింటికి తలుపులెన్నండీ?"

"పద్నాలుగయ్యా!" అన్నాడాయన గర్వంగా, అడుగు తప్పకుండా. "అన్నీ టేకువే!"