రాజుగారి కాలిపుండూ గురవమ్మాకూ

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమని నన్నడక్కండి, ప్రచండరాయలనే రాజుగారుండేవారు. ఊరి సంతకు ఆయన పేరే, కొత్త వీధికి ఆయన పేరే, చివరికి తోటలో కాసిన పెద్ద గుమ్మడికాయక్కూడా ఆయన పేరే.

ఒకసారి ఆయన కాలికి పుండు లేచింది. ఆస్థాన వైద్యుల లేపనాలేవీ పనిచెయ్యలేదు. కొండమీద మేకలు కాసుకునే గురవమ్మ వచ్చి ఏదో ఆకు నూరి కట్టు కట్టింది. వారం తిరిగేసరికి రాజుగారు లేచి నడిచి, గురవమ్మను సభకు పిలిపించారు.

"ఈ ఆకు పేరేమిటి?" అనడిగారు.

"గురవమ్మాకు ప్రభూ. జనమంతా అలాగే అంటారు" అన్నారు వైద్యులు.

రాజుగారి మొహం మాడిపోయింది. "నా పుండు మాన్పిన ఆకుకు మేకల కాపరి పేరా? ఇవాళ్టి నుంచి అది ప్రచండపత్రం. ఈ ముసలిది ఇక్కడుంటే జనం పాత పేరు మానరు. పొద్దుగూకేలోగా పొలిమేర దాటించండి."

చూశారా బుద్ధి! కట్టు కట్టిన చేతులకు దక్కిన బహుమానం అదీ. ఆ కొండ తప్ప గురవమ్మకు వేరే దిక్కు లేదు.

ఆస్థానంలో పేరిశాస్త్రి అనే చమత్కారి ఉండేవాడు. గబగబా లోపలికి వెళ్లి, పళ్లెం నిండా రకరకాల ఆకులు తెచ్చి రాజుగారి ముందుంచాడు.

"ఇవెందుకు శాస్త్రీ?"

"పేరు పెట్టే తంతు ప్రభూ. తెలియని ఆకును మొదట నమిలి చూసినవాళ్ల పేరే దానికి పెట్టడం కొండవాళ్ల ఆచారం. వీటిలో ఏది మందో, ఏది విషమో తమరే తేల్చాలి. ఒక్కొక్కటే నమలండి. బతికితే అన్నిటికీ తమ పేరే."

రాజుగారి చెయ్యి పళ్లెం దాకా వెళ్లి ఆగింది. "ఈవిడ నమిలిందా?"

గురవమ్మ తల వంచుకుంది. "మా ఆయన కాలికి ఇలాంటి పుండే లేచింది దొరా. మందు వెతుకుతూ కనబడిన ఆకల్లా నమిలాను. ఒకదానికి నాలుక వాచింది. ఇంకోదానికి మూడు రోజులు ఒళ్లు తెలియలేదు. చివరికి ఇది దొరికింది."

రాజుగారు సింహాసనం దిగి వచ్చారు.

"అమ్మా, ఇవాళ నడుస్తున్నానంటే నీ చలవే. ఆ మాట నేను ముందే అనవలసింది. ఆకుకు నీ పేరే ఉంటుంది. కొండ కూడా నీదే" అని చేతులు జోడించారు.

ఆపైన శాస్త్రికేసి తిరిగి, "నేను నిజంగానే నమిలేస్తే ఏం చేసేవాడివయ్యా?" అన్నారు.

"ఏముంది ప్రభూ, తోటకూర, బచ్చలి, మెంతికూర. వంటింట్లోంచే తెచ్చాను. తమరు వండినవే తప్ప పచ్చివి ఎప్పుడు చూశారు గనక?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మెడలోని ముత్యాల హారం తీసి శాస్త్రి మెడలో వేశారు. ఆ ఆకులన్నీ పప్పులో వేసి వండించి, గురవమ్మను పీట మీద కూర్చోబెట్టి, తన చేత్తో వడ్డించారు.